ఉమ్మడి డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టు డైరీ: నల్లగొండ, పాలమూరు వైపు పని ఎక్కడిదాకా వచ్చింది

రాష్ట్రమంతటికీ కలిపి ఒకే డిజిటల్ లైబ్రరీ కావాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి మేము ఐదు సంస్థలతో మొదలుపెట్టాం: ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయం, రెండు డిగ్రీ కాలేజీలు, దేవరకొండ వైపు ఒక పాత రీడింగ్ రూము. రేపు వరంగల్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఇంకెవరైనా ఇదే పని ఎత్తుకుంటే మేము ఆగిపోయిన చోట వాళ్లు ఆగకూడదు. అందుకే పని జరిగిన వరుసలోనే, ఏది చెడింది, ఏది మార్చాం, ఎందుకు మార్చాం అన్నవి రాస్తున్నాను.

దశ 1: జాబితాలు

ఎవరిని కలిసినా ముందు స్కానర్ గురించే అడుగుతారు. స్కానర్ సంగతి తర్వాత. ముందు కావలసింది ఎవరి దగ్గర ఏముందో తెలిపే జాబితా, ఎందుకంటే ఒకే పుస్తకాన్ని మూడు ఊళ్లలో మూడుసార్లు స్కాన్ చేస్తే డబ్బూ మనుషుల ఓపికా రెండూ దండగ.

ఐదు సంస్థల నుంచి ఐదు రకాల జాబితాలు వచ్చాయి. విశ్వవిద్యాలయం వాళ్లు గ్రంథాలయాల కోసం ఉన్న కోహా సాఫ్ట్‌వేర్ నుంచి మార్క్ ఫైలు (గ్రంథాలయాలు కేటలాగు వివరాలు ఇచ్చిపుచ్చుకునే రూపం) తీసి ఇచ్చారు, అది శుభ్రంగానే ఉంది గాని తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో ఎక్కించినవి. జిల్లా గ్రంథాలయంలో ఉన్నవి చేత్తో రాసిన యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుసగా నంబరు వేసి రాసేవి. ఒక కాలేజీ ఎక్సెల్ షీటు అను ఫాంట్‌లో టైపు చేసింది, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు తప్ప ఏమీ కనబడదు. రెండో కాలేజీ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనబడే యూనికోడ్‌లోనే టైపు చేసింది, సంతోషం, కాని పంపేటప్పుడు ఒట్టి పాఠం మాత్రమే మిగిలే మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయడంతో తెలుగు అక్షరం ఉన్న ప్రతిచోటా ప్రశ్నార్థకం గుర్తు పడింది. ఆ ఫైలును ఎవరూ బాగుచేయలేరు. అందులో తెలుగే లేదు. రీడింగ్ రూములో కార్డులు, ఒక నోటుపుస్తకం.

ఇప్పుడు కొత్తగా చేరే సంస్థకు మేము చెప్పే వరుస ఇది:

1. ఎక్సెల్ ఫైలును ఎక్సెల్‌గానే పంపండి. సీఎస్‌వీ తప్పనిసరైతే సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నదే ఎంచుకోండి.
2. యాక్సెషన్ నంబర్ ఉన్న నిలువు వరుసను ముందే "టెక్స్ట్"గా మార్చండి. లేకపోతే 00457 కాస్తా 457 అయిపోతుంది, రిజిస్టర్‌తో సరిచూసేటప్పుడు దొరకదు.
3. అను ఫాంట్‌లో ఉన్నదాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక, వత్తులున్న పేర్లన్నీ మనిషి చేత ఒకసారి చదివించండి. క్ష, జ్ఞ, ర వత్తు దగ్గర కన్వర్టర్లు ఎక్కువగా పొరబడతాయి.
4. ప్రతి పుస్తకానికీ టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫోన్‌తో ఫొటో తీసి యాక్సెషన్ నంబర్‌తో పేరు పెట్టండి.

నాలుగోది మొదట్లో మా పద్ధతిలో లేదు. జాబితాలో అనుమానం వచ్చినప్పుడల్లా ఆ సంస్థకు ఫోన్ చేసి, వాళ్లు బీరువా తీసి, పుస్తకం వెతికి చెప్పేదాకా పని ఆగిపోయేది. ఫొటోలు తెప్పించడం మొదలుపెట్టాక ఆ ఫోన్లు బాగా తగ్గిపోయాయి. ఐదు సంస్థల్లోనూ ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే, దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఇప్పటిదాకా లెక్క: జాబితాల్లో వచ్చిన వరుసలు 48,210. అందులో 1980కి ముందు అచ్చయిన తెలుగు, ఉర్దూ పుస్తకాలు, పత్రికలు 6,930. మొదటి విడతకు ఇవే తీసుకున్నాం, పాఠ్యపుస్తకాలు, గైడ్లు వదిలేశాం.

దశ 2: ఒకే పుస్తకమా, రెండు పుస్తకాలా

ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉంటే పని సులువు, కాని ఈ కాలపు తెలుగు పుస్తకాల్లో అది ఉండదు. కాబట్టి ఒక పుస్తకం ఇంకో పుస్తకంతో సరిపోతుందో లేదో వేరే ఆనవాళ్లతో తేల్చాలి.

మొదట పుస్తకం పేరు, రచయిత పేరు పెట్టి కంప్యూటర్‌తో పోల్చాం. సగం కూడా కలవలేదు. ఒకచోట "సురవరం ప్రతాపరెడ్డి", ఇంకోచోట "ప్రతాపరెడ్డి, సురవరం", మరోచోట "ఎస్. ప్రతాపరెడ్డి", ఇంగ్లిషు అక్షరాల జాబితాలో అదే పేరు మూడు రకాలు. మన దగ్గర ఇంటిపేరు ముందే వస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం చివరిపేరు, మొదటిపేరు అని గళ్లు ఉంటాయి, ఎక్కించేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు నింపారు. మేము ఆ గళ్లు పక్కనపెట్టి, టైటిల్ పేజీ మీద ఎలా ఉంటే అలా ఒక గడిలో, అందరం ఒప్పుకున్న ప్రామాణిక రూపం ఇంకో గడిలో రాస్తున్నాం. వెతికేవాళ్లకు రెండూ దొరుకుతాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకే పేరుతో ఉన్న ఇద్దరు మనుషులు. "దాశరథి" అని మాత్రమే ఉన్న వరుసలు మాకు చాలా వచ్చాయి. కృష్ణమాచార్యులవా, రంగాచార్యులవా? అన్నదమ్ములిద్దరూ రాసినవాళ్లే, ఇద్దరికీ ఈ నేలతో సంబంధం ఉంది, ఏ గ్రంథాలయంలో చూసినా ఇద్దరి పుస్తకాలూ ఒకే అరలో ఉంటాయి. కృష్ణమాచార్య 1987లో పోయారు, రంగాచార్య 2015లో. ఈ తేడా కేటలాగు అందంగా ఉండటం కోసం మాత్రమే కాదు, కాపీరైటు ఎప్పుడు తీరుతుందన్నది దాని మీదే ఆధారపడి ఉంది, ఆ సంగతి దశ 7లో వస్తుంది. అందుకని రచయిత పేరు పక్కన పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు తప్పనిసరి చేశాం. తెలియకపోతే ఖాళీ వదలాలి, ఊహించి రాయకూడదు.

చివరికి డూప్లికేట్లు తేల్చడంలో అన్నిటికంటే నమ్మకంగా పనిచేసింది పుటల సంఖ్య. పేరులో మొదటి రెండు మాటలు, రచయిత ఇంటిపేరు, అచ్చయిన సంవత్సరం, పుటల సంఖ్య. ఈ నాలుగింటిలో మూడు కలిస్తే టైటిల్ పేజీల ఫొటోలు పక్కపక్కన పెట్టి మనిషి చూసి తేల్చాలి. నాలుగూ కలిసినా మనిషి చూడకుండా కలపొద్దు. ఒకే సంవత్సరంలో రెండు ముద్రణలు వేసి, రెండోదానిలో ముందుమాట మార్చిన పుస్తకాలు మాకే తగిలాయి.

ఇప్పటిదాకా లెక్క: 6,930 వరుసలు కలిపితే 4,415 పుస్తకాలు తేలాయి. అంటే వరుసల్లో మూడో వంతుకు పైగా ఇంకొకరి దగ్గర కూడా ఉన్నవే.

దశ 3: తేదీలు

నిజాం కాలపు పుస్తకం మీద 1345 అని ఉంటే అది ఫసలీ, నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్క. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది, దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అంటే 1345 ఫసలీ 1935 అక్టోబరు నుంచి 1936 అక్టోబరు దాకా. తెలుగు పుస్తకాల మీద యువ, ధాత అని సంవత్సరాల పేర్లు ఉంటాయి, అవి ఉగాదికి మొదలై అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి, కాబట్టి యువ అంటే 1935-36 కావచ్చు, 1995-96 కూడా కావచ్చు, కాగితం, అచ్చు చూసి తేల్చాలి. ఒకే పుస్తకం మీద రెండూ ఉంటే మంచిదే: యువ, 1345 ఫసలీ రెండూ ఉంటే ఆ పుస్తకం 1935 అక్టోబరుకూ 1936 ఉగాదికీ మధ్య వచ్చింది.

ఒక జాబితాలో 1345ను అలాగే ఇంగ్లిషు సంవత్సరంగా ఎక్కించారు. ఆ పుస్తకాలన్నీ వెతుకులాటలో పద్నాలుగో శతాబ్దంలోకి పోయి కూర్చున్నాయి. ఇప్పుడు మూడు గళ్లు పెట్టాం: పుస్తకం మీద ఉన్నది ఉన్నట్టుగా, దాని నుంచి లెక్కకట్టిన మొదటి ఇంగ్లిషు సంవత్సరం, చివరి ఇంగ్లిషు సంవత్సరం. సంస్థానాల వైపు నుంచి, అంటే గద్వాల, వనపర్తి, కొల్లాపురం వైపు నుంచి వచ్చే పాత పుస్తకాలకు ఈ మూడు గళ్లు లేకుండా పని జరగదు.

జిల్లా పేరు కూడా ఇలాంటిదే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. మొదట రికార్డు నంబర్లను జిల్లా కోడుతో మొదలుపెట్టాలని అనుకున్నాం. సూర్యాపేటలో ఉన్న పుస్తకానికి నల్లగొండ కోడు ఉంటే రేపు ఎవరో "సరిచేస్తారు", ఆ నంబరుతో ఉన్న లింకులన్నీ తెగిపోతాయి. అందుకే రికార్డు నంబరు ఒట్టి వరుస సంఖ్య, దానిలో ఏ అర్థమూ ఉండదు. జిల్లా విడిగా ఒక గడిలో, ఊరు ఇంకో గడిలో.

దశ 4: ఒప్పందం

సాంకేతిక పనికంటే దీనికే ఎక్కువ కాలం పట్టింది, కాని రాయడానికి తక్కువే ఉంది. ఒక సంస్థలో ఫైలు నెలల తరబడి కదల్లేదు. అడిగితే ఎవరూ కాదనలేదు, సంతకం మాత్రం పడలేదు. లోపల ఉన్న భయం ఒక్కటే: మా పుస్తకాలు పట్టుకుపోతారా, మా పేరు లేకుండా వేరే ఊరివాళ్లు తమవిగా చూపించుకుంటారా? ఆ భయం తప్పేమీ కాదు. ఏళ్ల తరబడి చెదల నుంచి, వాన నుంచి ఆ పుస్తకాలను కాపాడింది వాళ్లే.

రీడింగ్ రూము చూసుకునే పెద్దాయన ఇంకా సూటిగా చెప్పారు. "బిడ్డా, ఈ బీరువా తాళం మా నాయిన నా చేతిల పెట్టి పోయిండు. పుస్తకం గడప దాటది. మీ మిషిన్లు ఏమున్నయో ఈడికే తెచ్చుకోన్రి."

"అట్లనే పెద్దయ్యా, ఈడ్నే కూసొని చేస్తం" అన్నాం. స్టాండును విప్పి మోసుకుపోయేలా తయారుచేయడానికి కారణం ఆ మాటే.

ఒప్పందం ఇప్పుడు ఒక్క పేజీ. అందులో ఉన్నవి:

1. పుస్తకం, దాని స్కాన్ అసలు ఫైళ్లు ఎవరివి వాళ్లవే. ఉమ్మడిది కేటలాగు మాత్రమే.
2. ప్రతి రికార్డులో, ప్రతి పీడీఎఫ్ మొదటి పుటలో ఆ సంస్థ పేరు ఉంటుంది.
3. ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు. వెళ్లినా అప్పటిదాకా ఇచ్చిన కేటలాగు వివరాలు ఉమ్మడిలో ఉంటాయి.
4. ఒకరి రికార్డును ఇంకొకరు మార్చకూడదు, సూచన మాత్రం పంపొచ్చు.

రెండో అంశం దగ్గర ప్రతి పుట మీదా వాటర్‌మార్కు వేయాలని ఒక కాలేజీ పట్టుబట్టింది. నాలుగు పుటల మీద వేసి ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను కంప్యూటర్ చదివి పాఠంగా మార్చడం) చేసి చూపించాం. వాటర్‌మార్కు అడ్డొచ్చిన పంక్తులన్నీ చెడిపోయాయి. అది చూశాక మొదటి పుటతో సరిపెట్టుకున్నారు. ఇలాంటి చోట వాదించే బదులు చేసి చూపించడం మేలు.

దశ 5: స్టాండు, కెమెరా

పాత పుస్తకాన్ని మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది, కాగితం పెళుసుబారిన పుస్తకమైతే ఆకులే ఊడొస్తాయి. అందుకని వి ఆకారంలో చెక్క స్టాండు చేయించి, పుస్తకాన్ని తొంభై డిగ్రీలకు మించి తెరవకుండా దానిలో ఆనించి, పుట మీద గాజు పలక పెట్టి కెమెరాతో తీస్తున్నాం. కెమెరా ఒక్కటే, 24 మెగాపిక్సెళ్లది, పొడవు వైపు 6000 పిక్సెళ్లు.

కొలత ఇలా కట్టాం. ఫ్రేములో 14 అంగుళాలు పట్టేలా కెమెరా ఎత్తు బిగించాం. 6000ను 14తో భాగిస్తే అంగుళానికి 428 చుక్కలు. 12 అంగుళాల ఎత్తు దాకా ఏ పుస్తకం వచ్చినా కెమెరా కదిపే పనిలేదు, 400 తగ్గదు. ప్రతి పుస్తకం మొదటి ఫొటోలో ఉక్కు స్కేలు పెడతాం, సున్నా నుంచి 6 అంగుళాల దాకా పిక్సెళ్లు లెక్కపెట్టి 6తో భాగిస్తే అసలు కొలత తెలుస్తుంది. కెమెరా ఫైలులో రాసి ఉండే డీపీఐని (అంగుళానికి చుక్కల సంఖ్య) నమ్మకండి, అది ఒట్టి అంకె.

దినపత్రికల బైండు దగ్గర ఈ లెక్క కుదరదు. 22 అంగుళాల పుట మొత్తం రావాలంటే ఫ్రేములో 24 అంగుళాలు పట్టాలి, అప్పుడు 250 చుక్కలే. చిన్న అచ్చు ఓసీఆర్‌కు అందదు. పుటను పై సగం, కింది సగం విడివిడిగా, మధ్యలో రెండు అంగుళాలు ఇటూ అటూ కలిసేలా తీస్తున్నాం.

చెడిపోయిన వాటిలో మొదటిది వెలుతురు. ఫొటోల్లో అడ్డంగా నల్లటి పట్టీలు, ఒక పుట తెల్లగా, పక్క పుట పసుపుగా. కెమెరా పాడైందని రెండో కెమెరా తెప్పించినా అదే వరస. కారణం గదిలో ట్యూబులైటు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, షట్టర్‌ను 1/250 దగ్గర పెడితే ఆ హెచ్చుతగ్గుల్లో ఒక ముక్కే కెమెరాకు అందుతుంది. 1/50కి తగ్గించాం, పట్టీలు పోయాయి. షట్టర్ నెమ్మదించాక చేత్తో బటన్ నొక్కితే అక్షరం కదులుతుంది, కాబట్టి రిమోట్ తప్పనిసరి. గాజులో కెమెరా నీడ పడుతుంటే కెమెరా చుట్టూ నల్ల గుడ్డ కట్టి, రెండు లైట్లను రెండు పక్కల నుంచి ఏటవాలుగా పెట్టాం.

రెండోది చాలా నష్టం చేసింది. కెమెరా ఒక్కటే కాబట్టి ముందు కుడి పుటలన్నీ, తర్వాత పుస్తకం తిప్పి ఎడమ పుటలన్నీ తీసి, కంప్యూటర్‌లో ఒకటి విడిచి ఒకటి కలుపుతాం. మధ్యలో ఒక్క ఆకు అంటుకుని రెండు ఒకేసారి తిరిగితే అక్కడి నుంచి పుస్తకం చివరిదాకా వరుస తప్పుతుంది. 47 పక్కన 50 వస్తుంది. ఇలా మొత్తం పుస్తకాలే తిరిగి తీయాల్సి వచ్చింది. ఇప్పుడు పద్ధతి:

1. తీయకముందే పుస్తకంలో ప్రతి 50 పుటలకు ఒక రంగు కాగితం ముక్క పెట్టాలి, అది ఫొటోలో కనబడాలి.
2. కుడివైపు ఫొటోల సంఖ్య, ఎడమవైపు ఫొటోల సంఖ్య సమానం కాకపోతే పుస్తకం బల్ల మీద నుంచి దిగకూడదు.
3. కలిపాక రంగు ముక్కలున్న చోట రెండు వైపులా పుట సంఖ్యలు సరిచూడాలి. తప్పు ఏ 50 పుటల్లో ఉందో వెంటనే తెలుస్తుంది, ఆ భాగమే మళ్లీ తీయొచ్చు.
4. పుట సంఖ్యలు లేని ఆకులు, ప్రకటనలు, అట్ట లోపలి వైపులు కూడా తీయాలి. ధర, ప్రెస్సు పేరు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

నిల్వ లెక్క: 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు పుట 400 చుక్కల దగ్గర రంగుల్లో 2000 × 3200 పిక్సెళ్లు, కుదించకపోతే 19.2 ఎంబీ. 200 పుటల పుస్తకం 3.84 జీబీ. అదే 600 చుక్కలకు పోతే 8.64 జీబీ. 600తో తీసిన పుటలనూ 400తో తీసిన పుటలనూ ఓసీఆర్ చేసి పోల్చాం, తప్పుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 400 దగ్గర ఆగాం. నాణ్యత తగ్గకుండా కుదించిన టిఫ్ ఫైలు పుటకు పదకొండున్నర ఎంబీ దగ్గర వస్తోంది.

ఇప్పటిదాకా లెక్క: స్కాన్ అయినవి 312 పుస్తకాలు, 58,900 పుటలు. అసలు ఫైళ్లు 680 జీబీకి కొంచెం తక్కువ. చదువుకునే పీడీఎఫ్‌లన్నీ కలిపి 6 జీబీ లోపే. ఇద్దరు కూర్చుంటే గంటకు 300 పుటలు దాటడం లేదు.

దశ 6: ఓసీఆర్, వెతకడం

వాడుతున్నది టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్. 1960ల తర్వాతి అచ్చు బాగానే చదువుతుంది. అంతకు ముందుది కష్టం: అరసున్న ఉన్నచోటల్లా తడబడుతుంది, పాత వలపల గిలకను, అంటే అక్షరం కుడి పక్కన వేసే ర్ గుర్తును, ఇంకేదో అక్షరం అనుకుంటుంది. తెలుగు అంకెల్లో సున్నా, అనుస్వారం రెండూ చూడ్డానికి ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. "గ్రంథం"లో అనుస్వారం బదులు అంకె సున్నా పడితే కంటికి ఏమీ తేడా కనబడదు, వెతికితే మాత్రం దొరకదు. అక్షరం వెనకే వచ్చిన అంకె సున్నాను అనుస్వారంగా మార్చే చిన్న స్క్రిప్టు రాశాక దొరికే ఫలితాలు బాగా పెరిగాయి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మా జిల్లా పేరే. "మహబూబ్‌నగర్" అని వెతికితే కొన్ని పుస్తకాలే వస్తున్నాయి, ఉన్నవాటిలో సగం రావడం లేదు. పొల్లు తర్వాత న విడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు టైపు చేయాలి, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. కొందరి కీబోర్డు అది వేస్తుంది, కొందరిది వేయదు, అప్పుడు "మహబూబ్నగర్" అవుతుంది, ఇంకొందరు ఖాళీ వదిలి "మహబూబ్ నగర్" అంటారు. మూడూ వెతుకులాటకు మూడు వేర్వేరు మాటలు. అలాగే ఐత్వాన్ని రెండు రకాలుగా టైపు చేయొచ్చు, చూడ్డానికి ఒకటే.

మార్చినవి: ఇండెక్సులోకి పోయేటప్పుడూ, వెతికేవాళ్లు టైపు చేసినప్పుడూ, రెండు వైపులా ఆ కనబడని గుర్తును తీసేస్తున్నాం, తెర మీద మాత్రం ఉన్నది ఉన్నట్టే చూపిస్తున్నాం. అక్షరాలన్నిటినీ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి తెస్తున్నాం. ఊళ్ల పేర్లకు పర్యాయాల పట్టిక పెట్టాం: నల్లగొండ, నల్గొండ, నీలగిరి ఒకటి, మహబూబ్‌నగర్, పాలమూరు ఒకటి. ఈ పట్టికను ప్రచురణ స్థలం గడికే వర్తింపజేయాలి. పుస్తకం పాఠానికి కూడా వర్తిస్తే తమిళనాడు నీలగిరి కొండల మీద రాసిన పుస్తకాలు నల్లగొండ ఖాతాలో పడతాయి.

దశ 7: హక్కులు

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా వచ్చిన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివీ. దాశరథి కృష్ణమాచార్యవి 2048 జనవరి 1 దాకా ఆగాలి, రంగాచార్యవి 2076 దాకా. ఇద్దరు కలిసి రాసిన పుస్తకానికి ఆఖరున చనిపోయినవారి నుంచి లెక్క. ఇవి కాకుండా, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి 2012 సవరణ వీలిచ్చింది, సెక్షన్ 52లో ఉంది. దాచుకోవచ్చు, అందరికీ తెరవకూడదు.

మూడు గంపలుగా విడదీశాం: హక్కు తీరినవి 1,020, హక్కు ఉన్నవి 2,180, రచయిత చనిపోయిన ఏడాది తేలనివి 1,215. మూడో గంపను ఎవరు ఎంత అడిగినా తెరవడం లేదు. రచయితల కుటుంబాలు ఊళ్లలోనే ఉన్నాయి, అడిగితే చెబుతాయి, చాలామంది సంతోషంగా రాసి సంతకం చేసి ఇస్తున్నారు కూడా. ఒక ఊళ్లో రచయిత మనవరాలు సంతకంతో పాటు తమ ఇంట్లో తప్ప ఎక్కడా లేని ఒక చిన్న పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు.

స్కాన్ అయిన 312లో అందరికీ తెరిచినవి 267. మిగతా 45 పెళుసుబారి పోతున్నవి, భద్రత కోసం తీసినవి.

దశ 8: ఐదింటినీ కలపడం

ఫైళ్లన్నీ ఒకచోట పోయడం లేదు. డీస్పేస్ (డిజిటల్ లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నచోట దాని నుంచి, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో పంచుకునే ఓఏఐ పద్ధతిలో కేటలాగు వివరాలు మాత్రం మధ్యలో ఉన్న సర్వర్ రోజూ తెచ్చుకుంటుంది, చదవాలనుకున్నవాళ్లు నొక్కితే ఆయా సంస్థ దగ్గరికే వెళతారు. సర్వర్ లేనివాళ్లు నెలకోసారి షీటు పంపుతారు, దాన్ని మేమే ఎక్కిస్తాం.

తెచ్చుకునే వేళ అర్ధరాత్రి పెట్టాం, నెట్ ఖాళీగా ఉంటుందని. ఒక సంస్థ నుంచి ఎంతకీ ఏమీ రాలేదు. సెట్టింగులన్నీ తిరగేశాక తెలిసింది, సాయంత్రం తాళం వేసేటప్పుడు అటెండర్ మెయిన్ స్విచ్ కట్టేసి వెళుతున్నారు, అలా చేయమని వాళ్లకు ఎప్పటినుంచో ఉన్న ఆర్డరు. షార్ట్ సర్క్యూట్ భయం ఉన్న పాత భవనం, ఆ ఆర్డరు సరైనదే. మేమే వేళ మార్చుకున్నాం, పగలు పదకొండుకు.

ఇంకో చిక్కు: ఒక కాలేజీ తన దగ్గర రికార్డు తీసేస్తే ఇక్కడ అలాగే ఉండిపోయి, లింకు నొక్కితే ఖాళీ పేజీ వచ్చేది. ఇప్పుడు ఎవరూ రికార్డు చెరిపేయకూడదు, "తొలగించినది" అని గుర్తు పెట్టాలి, అది ఇక్కడికి కూడా చేరుతుంది.

ఇక ఈ దశలోనే ఒక విషయం బయటపడింది, దాని కోసమైనా ఈ పనంతా చేయొచ్చు అనిపించింది. 1930ల నాటి ఒక మాసపత్రిక. నల్లగొండ వైపు బైండులో మొదటి ఐదు సంచికలు, పాలమూరు వైపు కాలేజీలో ఆరు నుంచి పన్నెండు, అందులో తొమ్మిదో సంచికకు అట్టా చివరి ఆకులూ లేవు. ఎవరి కేటలాగులో చూసినా "సంపుటం 1, అసంపూర్ణం" అనే ఉంది, బైండుకు యాక్సెషన్ నంబర్ ఒకటే కాబట్టి రికార్డూ ఒకటే. ఒక్కొక్క సంచికకు విడిగా రికార్డు రాయడం మొదలుపెట్టాక సంచికలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. తొమ్మిదో సంచిక రీడింగ్ రూములో, కట్టల మధ్య, అట్టతో సహా దొరికింది. పెద్దాయనకు తెర మీద పన్నెండూ వరసగా చూపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని, "మిగిలిన పదకొండు ఏడున్నయో ఇన్నేండ్లు ఎవరు చెప్పలేదు" అన్నారు. 1922లో నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక వచ్చింది, 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ కాలపు కాగితం ఏ ఒక్క బీరువాలోనూ పూర్తిగా ఉండదు, ముక్కలుగానే ఉంటుంది.

కాబట్టి పత్రికలున్న ప్రతి సంస్థకూ ఇప్పుడు మొదటి షరతు: బైండుకు కాదు, సంచికకు ఒక వరుస.

దశ 9: కాపీలు, మిగిలిన పని

అసలు ఫైళ్లు మూడు కాపీలు: స్కాన్ చేసిన సంస్థలో ఒకటి, ఇంకో జిల్లాలో ఒక సంస్థలో ఒకటి, అద్దె సర్వర్‌లో ఒకటి. కాపీ చేసిన ప్రతిసారీ షా-256 సంఖ్యలు (ఫైలులో కాస్త తేడా వచ్చినా మారిపోయే గుర్తింపు సంఖ్యలు) పోల్చాలి. ఒక హార్డ్ డిస్కులో ఫైళ్లు తెరిస్తే పైన సగం పుట, కింద సగం బూడిద రంగు వచ్చింది, కాపీ అవుతుండగా కరెంటు పోయిందట. సంఖ్యలు పోల్చబట్టే తెలిసింది, ఫైలు సైజు మాత్రం సరిగ్గానే చూపించింది. డిస్కు కాపీలకు యూపీఎస్ లేకుండా కూర్చోవడం మానేశాం.

మిగిలింది ఉర్దూ. 4,415లో ఉర్దూవి 640, వాటికి సరైన రికార్డులు లేవు, చాలావాటికి "ఉర్దూ పుస్తకం" అని తప్ప ఇంకేమీ రాసిలేదు. మహబూబ్‌నగర్‌లో రిటైరైన ఉర్దూ మాస్టారు ఒకరు వారానికి రెండు పూటలు కూర్చుంటానన్నారు. ఆయన చదివి చెబుతారు, మాలో ఒకరు పక్కన కూర్చుని ఉర్దూ లిపిలోనూ తెలుగు లిపిలోనూ ఎక్కిస్తారు, తేదీలు దశ 3 పద్ధతిలో. టైటిల్ పేజీల ఫొటోలు పెద్దవి చేసి యాక్సెషన్ నంబర్ల వరసలో పెట్టడం ఈ వారం పని.